మత్తు డాక్టరమ్మ

మా అక్క బిడ్డకు పీజీలో అనస్థీషియా సీటు వస్తే, మా నర్సింహులపేట చుట్టాలంతా “మత్తు డాక్టరా? గైనిక్ రాలేదా?” అన్నారు. ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు పదేళ్లయినా చెప్పుకుంటాం. మత్తిచ్చినవాళ్ల పేరు మనలో ఎవరికి గుర్తుంది చెప్పండి?

ఏడాదికోసారి వాళ్ల ప్రొఫెసర్లు, పీజీ పిల్లలు కూర్చొని ఎవరి పరిశోధన వాళ్లు చదివి వినిపిస్తారట. “ఈసారి నాదీ ఉంది చిన్నమ్మా” అని ఫోన్ చేసి, హైదరాబాద్ ముచ్చటొకటి చెప్పింది.

నిజాం కాలంలో, 1888, 1889లలో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో రెండు క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. మత్తులో ముందు ఆగేది ఊపిరా, గుండెనా? ఊపిరే, దాన్ని కనిపెట్టుకుంటే చాలన్నారు. గుండె కూడా నేరుగా ఆగిపోవచ్చని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఇప్పుడు రెండింటినీ కనిపెడతారు. లారీ దగ్గర చదువుకొని ఆ రోజుల్లోనే క్లోరోఫాం ఇచ్చింది రూపాబాయి ఫర్దూంజీ, మన హైదరాబాద్ ఆడబిడ్డే!

నిద్రపోయే పసిబిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూడని తల్లి ఉంటుందా? ఆ పనినే చదువుగా చదివి, ఏటేటా సరిదిద్దుకుంటున్నారు వీళ్లు. మీ ఇంట్లో ఆపరేషన్ అయితే మత్తు డాక్టరు పేరూ అడగండి.