పాత ఫైళ్ళకు తాళపుచెవి



బళ్ళారి జిల్లాలో తెలుగు బోధించే వారి ఇబ్బంది మీకు తెలియనిది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన నాడే బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరినది. అది మొదలు మన పిల్లల తెలుగు చదువు ఇక్కడి పాఠ్యప్రణాళికను అనుసరించి సాగుతున్నది. అనంతపురం అంగళ్ళలో దొరికే గైడ్లు, ప్రశ్నపత్రాలు మన పాఠాలకు అతకవు. అందువలన నోట్సులు, ప్రశ్నపత్రాలు, వ్యాకరణ అభ్యాసాలు మనమే వ్రాసుకొంటూ వచ్చాము. నేను టి.సి.హెచ్. ముగించుకొని ఉద్యోగంలో చేరిన కాలంలో అవన్నీ చేతివ్రాతలే. 2000 తరువాత డి.టి.పి. అంగడిలో టైపు చేయించి, ఫైళ్ళను సీడీలలో దాచుకోవడం అలవాటైనది.

ఆ సీడీలు నేటికీ నా బీరువాలో ఉన్నాయి. వాటిలో కొన్ని చక్కగా తెరచుకొంటాయి. కాని తెరపై కనిపించేది తెలుగు కాదు; ఆంగ్లాక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, డాలరు గుర్తులు కలగాపులగంగా ఉంటాయి. ఫైలు చెడిపోలేదు. దానిని చదివే తాళపుచెవి మాత్రమే మన చేతిలో లేదు.

ఇది ఎందుకు జరుగుతుందో ఒకింత వివరించవలసి ఉన్నది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, అది మన బడుల దాకా రావడానికి పదిహేనేళ్ళకు పైగా పట్టినది. ఆలోగా ఒక్కొక్క ఖతి తయారీదారుడు ఆంగ్లాక్షరాల గడులలో తెలుగు ముక్కలను తనకు తోచిన వరుసలో కూర్చినాడు. తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఇంకొక గడిలో, వత్తులు మరెక్కడో! ఒక ఖతిలో క-వత్తు ఉన్న గడిలో వేరొక ఖతిలో సున్న ఉండవచ్చును. కనుక ఒక ఖతిలోని వ్రాతను యూనికోడ్‌కు మార్చాలంటే ఆ ఖతికి సంబంధించిన పట్టిక కావాలి. ముక్కలను అక్షరాలుగా తిరిగి పేర్చే ప్రోగ్రాము కావాలి. కన్నడ సహాధ్యాపకులకు ప్రభుత్వ ఆదరణ గల ‘నుడి’ ఉండేది. సరిహద్దుకు ఇవతల ఉన్న తెలుగు బడిని ఆ దృష్టితో చూచినవారు ఎవరూ లేరు.

మనకు ఆ పని చేసిపెట్టినవారు స్వచ్ఛందంగా వ్రాసినవారే. నాగార్జున వెన్న గారు రూపొందించిన ‘పద్మ’ అటువంటిది. ఫైర్‌ఫాక్స్ విహారిణికి దానిని జోడించుకొంటే, ఆనాటి ఈనాడు వంటి పత్రికలు సొంత ఖతులలో ప్రచురించిన పుటలు యూనికోడ్‌లో కనిపించేవి. దాని సోర్స్ కోడ్, అనగా ప్రోగ్రాము వ్రాసినవారి మూలప్రతి, అందరికీ బహిరంగం. దాని ఫలితం చూడండి: 2006లో వీవెన్ గారు అందించిన ‘లేఖిని’ ఆ పద్మ కోడ్ ఆధారంగా నిర్మించినదే. మనలో ఎందరో కంప్యూటరులో మొదటి తెలుగు వాక్యం వ్రాసినది లేఖినిలోనే కదా!

తరువాతి కథ అంత శుభప్రదం కాదు. 2017 నవంబరులో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 57 నుండి పాత పద్ధతిలోని జోడింపులు పనిచేయడం మానినవి. పద్మ కూడ ఆ కోవలోనిదే. పద్మకు నిలయమైన మోజ్‌డెవ్ స్థలం అనంతరం మూతపడినది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పరాయి ఇంట దాచిన వస్తువు ఆ ఇల్లు ఉన్నంతకాలమే ఉంటుంది. గూగుల్ కోడ్ అనే పెద్ద భాండాగారం 2015 మార్చిలో మూసివేత ప్రకటించి, 2016 జనవరిలో మూతపడినది. దానిలోని ప్రాజెక్టుల నకలును వారు చూడడానికి నిలిపి ఉంచారు. గిటోరియస్ కూడ 2015లోనే పోయినది. 2020లో బిట్‌బకెట్ వారు మెర్క్యూరియల్ పద్ధతిలోని కోడ్‌నంతా తీసివేసినప్పుడు, సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ సంస్థ ముందుగానే మేలుకొని రెండు లక్షలకు పైగా భాండాగారాలకు నకళ్ళు తీసినది. ప్రసిద్ధమైన ప్రాజెక్టులైతే ఎవరో ఒకరు కాపాడుతారు. ఇద్దరు ముగ్గురు తెలుగువారు తీరిక వేళల్లో వ్రాసిన ఖతి మార్పిడి ప్రోగ్రామును ఎవరు గుర్తుపెట్టుకొంటారు?

ఈ సందర్భంలో నాకు బ్రౌను దొర జ్ఞాపకం వస్తాడు. ఆయన 1820లో కడపకు వచ్చాడు. కడప, బళ్ళారి రెండూ ఆనాటి దత్తమండలాలలోనివే. ఆయన పండితులకు సొంత సొమ్ముతో జీతాలిచ్చి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు వ్రాయించాడు. ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి పోల్చి చూపించాడు. తాటాకు పురుగు పట్టకముందే దాని ప్రతి వేరొక ఊరిలో ఉండాలి. కోడ్ విషయంలోనూ చేయవలసినది అదే. పైగా ఇప్పుడు వ్రాయసగాడికి జీతం ఇవ్వనక్కరలేదు.

సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ గురించి మరొక మాట. ఫ్రాన్సుకు చెందిన ఇన్రియా పరిశోధన సంస్థ దీనిని 2016లో లోకానికి తెరచినది. బహిరంగంగా ఉన్న కోడ్ భాండాగారం చిరునామా ఇచ్చి, దీనిని భద్రపరచండి అని ఎవరైనా కోరవచ్చును. అడిగేవారు దానిని వ్రాసినవారే కానక్కరలేదు. నా అనుభవంలో అది ఐదు నిమిషాల పని. అయితే ఒకరి సొంత పుటలో జిప్ ఫైలుగా మాత్రమే ఉన్నది అక్కడికి తనంతట తాను చేరదు. దానిని మనమే దించుకొని ఉంచాలి. గిట్‌హబ్‌లో ఉన్నదానిని దించుకొనేటప్పుడు జిప్‌గా తీసుకొంటే నేటి ప్రతి మాత్రమే వస్తుంది; ‘క్లోన్’ చేసుకొంటే ఎవరు, ఎప్పుడు, ఏ పొరపాటు దిద్దారో ఆ చరిత్ర కూడ వెంట వస్తుంది. (గిట్‌హబ్ వారు 2020లో తమ కోడ్ నకలును 186 ఫిల్ము చుట్టలకు ఎక్కించి, ఉత్తర ధ్రువానికి చేరువలోని స్వాల్‌బార్డ్‌లో ఒక గనిలో దాచారు. సంతోషమే. మనకు మాత్రం హెడ్‌మాస్టరు గారి అల్మారా మరింత దగ్గర!)

ఇది సాఫ్ట్‌వేరు వారి పని, పంతులమ్మలకు పంతుళ్ళకు ఎందుకని కొందరు అనవచ్చును. కోడ్ వ్రాయడం వారి పనే. కాని ఏ ఖతిలో ఏ సంవత్సరపు ప్రశ్నపత్రం ఉన్నదో ఎరిగినది మనము. మార్చిన తరువాత ‘క్ష’ సరిగా వచ్చినదా, అరసున్న ఎగిరిపోయినదా అని చూడగలిగినదీ మనమే.

ఒక హెచ్చరిక కూడ అవసరం. ఉచితంగా దొరకడం వేరు, నకలు తీసి పంచే అనుమతి వేరు. ఓపెన్ సోర్స్ లైసెన్సు ఉన్నదానికే ఆ స్వేచ్ఛ ఉంటుంది. అంగడివాడు కొన్న ఖతిని సీడీలో వేసి పంచిపెట్టడం నేను చెప్పే పని కాదు.

నేను పాటిస్తున్న పద్ధతి ఇది. పాత ఫైలు, దాని యూనికోడ్ ప్రతి, మార్చిన ప్రోగ్రాము సోర్స్ కోడ్, దాని లైసెన్సు పత్రం – నాలుగూ ఒకే సంచికలో. పక్కన ఖతి పేరు, మార్చిన తేదీ వ్రాసిన చిన్న చీటీ. రెండు పెన్‌డ్రైవులు: ఒకటి బడిలో, ఒకటి ఇంటిలో. మూడవ ప్రతి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న పాత విద్యార్థి దగ్గర.

మీ బీరువాలో 2005 – 2012 నాటి సీడీలు ఉంటే ఈ వేసవి సెలవులలో ఒకసారి కంప్యూటరులో పెట్టి చూడండి. వాటిలో పద్మ పాత ప్రతి గాని, మీ ఊరి వారెవరైనా వ్రాసిన ఖతి మార్పిడి ప్రోగ్రాము గాని కనిపిస్తే పారవేయకండి. సీడీ చదవలేకపోతే గుడ్డతో గట్టిగా రుద్దకండి. వేరొక డ్రైవులో ప్రయత్నించండి. నా దగ్గర బడి మూలన పడి ఉన్న పాత డ్రైవు ఒకటి ఇంకా పనిచేస్తున్నది.