ఇన్నీసుపేట డార్క్‌రూమ్

రాజమహేంద్రవరం ఇన్నీసుపేటలో ఒక పాత ఫోటో స్టూడియోలో, నెగటివ్‌లోని బొమ్మను పెద్దదిగా చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జరు ఇంకా పనిచేస్తోందని తెలిసి వెళ్లాను. యజమానికి డెబ్భై దాటాయి. తన పేరు, స్టూడియో పేరు రాయొద్దన్నారు. "పని గురించి రాయండి, చాలు" అని వెనక గదిలోకి తీసుకెళ్లారు.

గదికి ఒక పక్క పొడిబల్ల, దాని మీద ఎన్‌లార్జరు. ఎదురుగా తడిబల్ల మీద మూడు ట్రేలు: డెవలపరు, ఎసిటిక్ యాసిడ్ కలిపిన నీళ్లు, హైపో. తడి చెయ్యి పొడిబల్ల వైపు రాకూడదు. హైపో అంటిన వేలు తగిలితే కాగితం మీద మరక తేలుతుంది.

యంత్రం చెకోస్లొవేకియాలో తయారైన మియోప్టా ఒపెమస్. పైన రేకు గూడులో పాలరంగు బల్బు, దాని కింద వెలుగును సమంగా పరిచే మందపాటి కండెన్సరు అద్దాలు, తర్వాత నెగటివ్ పెట్టే కేరియరు, నల్లటి బెల్లోస్, చివర లెన్సు. "కెమెరా బయటి వెలుగుని లోపలికి తీసుకుంటదండి. ఇది లోపలి వెలుగుని బయటికి పంపుద్ది. అంతే తేడా" అన్నారాయన. 35 ఎం.ఎం. నెగటివ్‌కి 50 ఎం.ఎం. లెన్సు, 120 రోలులోని చదరపు నెగటివ్‌కి 75 లేదా 80. పెద్ద నెగటివ్‌కి చిన్న లెన్సు బిగిస్తే మూలలు చీకటైపోతాయి.

ప్లేటు కెమెరాల కాలంలో చాలావరకు ప్లేటు ఎంతుంటే ఫోటో అంతే, కాగితాన్ని ప్లేటుకి ఆనించి అచ్చు తీసేవారు. ఈ ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు ఇరవై ఏడేళ్లకే కన్నుమూసిన 1925లోనే జర్మనీలో లైకా కెమెరా మార్కెట్లోకి వచ్చింది. దాంతో తపాలా బిళ్లంత నెగటివ్ వచ్చాక ఎన్‌లార్జరు లేనిదే ఫోటో లేదు.

ఆ రోజు ఆయన చేతిలో ఉన్నది ఒక పెళ్లి గ్రూపు నెగటివ్. అందులో ఓ పక్కన నిలబడ్డ అవ్వ ముఖం కావాలని ఆమె మనవలు అడిగారట. డెల్టా ఊళ్లలో ఆ తరం ఆడవాళ్లు ఎందరో జన్మలో ఒక్క ఫోటోయే దిగారు, అదీ ఎవరి పెళ్లిలోనో. హాల్లో దండ వేసి ఉన్న 12×15 ఫ్రేముల్లో ఎన్ని ఇలా గుంపులోంచి వెలికి తీసిన ముఖాలో! నా దృష్టిలో ఇది ఫోటోను పెంచే పని కాదు, మనిషిని వెతికి తేవడం.

నెగటివ్‌ను మెరుపులేని వైపు కిందికి పెట్టి, లెన్సు పూర్తిగా తెరిచి ఫోకస్ చేశారు. ఆ తర్వాత అపెర్చరు రెండు స్టాపులు తగ్గించారు. బొమ్మ అంచులదాకా పదును వచ్చేది అప్పుడే. చిన్న కాగితం ముక్కను అట్టతో కప్పి, మూడేసి సెకన్లకోసారి అట్ట జరుపుతూ మెట్లుమెట్లుగా నలుపు పడనిచ్చారు. ఆ ముక్క చూసి టైము తేల్చారు. బొమ్మ వెడల్పు రెండింతలైతే టైము సుమారు నాలుగింతలు కావాలి, అదే వెలుగు నాలుగు రెట్ల చోటుకి పరుచుకుంటుంది కనుక.

అసలు కాగితం పెట్టినప్పుడు తీగకి అంటించిన అట్టముక్కతో అవ్వ కళ్ల మీద కొంచెంసేపు నీడ పట్టారు. పైట అంచుకి మాత్రం చేతుల సందులోంచి మరికాస్త వెలుగు పోశారు. "చెయ్యి ఆడతానే ఉండాలండి. ఆగిందా, అట్ట అంచు పడిపోద్ది." ఈ చేతి ఆటే ప్రింటుకీ ప్రింటుకీ తేడా తెస్తుంది. ఎర్రలైటు కింద, డెవలపరులో ముందు జుట్టు కనిపించింది, తర్వాత కనుబొమలు, చివరికి చెంపలు.

ఈ ఊళ్లో ఈ పనికి కష్టాలు వేరు. డెవలపరు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో పెద్ద ట్రేలో ఐసు పోసి అందులో చిన్న ట్రే పెట్టి, రాత్రిళ్లు పనిచేసేవారు. సాయంత్రాలు వోల్టేజి పది శాతం పడితే బల్బు వెలుగు దాదాపు 30 శాతం పడిపోయేది, స్టెబిలైజరు లేకపోతే టెస్టు ముక్క చెప్పిన టైము చెల్లదు. వరద నెలల్లో గోదావరి ఎర్రనీళ్లు వస్తే వడకట్టకుండా ప్రింట్లు కడగలేరు. చెమ్మకి లెన్సులోపల బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. 1996 నవంబరు తుఫాను తర్వాత కోనసీమ నుంచి జనం తడిసి ఒకదానికొకటి అతుక్కున్న నెగటివ్‌లు తెచ్చారట. నానబెట్టి నెమ్మదిగా విడదీశారు, కొన్ని దక్కలేదు.

కాగితం దొరకడమే ఇప్పటి బెంగ. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు బ్రాండు లేదు. ఇంగ్లండులో ఇల్‌ఫర్డ్ కాగితం ఇంకా తయారవుతోంది, తెప్పించుకుంటున్నారు. ఖరీదెక్కువ కాబట్టి టెస్టు ముక్కలు మరీ సన్నగా కత్తిరిస్తున్నారు.

పాతసామాను కొట్లలో ఎన్‌లార్జర్లు ఇనుము ధరకి పోతున్నాయని ఆయన బాధ. కొనదలచిన వారికి ఆయన చెప్పిన పరీక్షలు ఇవి: లెన్సును లైటుకి ఎదురుగా పట్టి బూజు చూడాలి. చీకట్లో బల్బు వెలిగించి బెల్లోస్‌లో చిల్లులున్నాయేమో చూడాలి. నెగటివ్, లెన్సు, కింది బల్ల ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ఒక మూల ఎప్పటికీ మసకే. ఇంట్లో నెగటివ్‌లున్న వారికైతే ఆయన విన్నపం ఒకటే: ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితం కవర్లలో, అటక మీద కాకుండా గాలి తగిలే అలమరలో పెట్టమని, వానాకాలం పోయాక ఒకసారి తీసి చూడమని.