తువ్వాలు పట్టిన చేయి



మా అవుకు ప్రాంతమును ఎరిగినవారికి నాపరాతి గనుల సంగతి చెప్పనక్కరలేదు. అవుకు, కొలిమిగుండ్ల, బనగానపల్లె చుట్టుపట్ల అనేక కుటుంబములకు ఆ రాతితోనే జీవనము. మా సంఘస్థులలోను గనికి పోవువారు, బండలు నునుపు చేయు ఫ్యాక్టరీలలో పనిచేయువారు, లారీల కెత్తువారు కలరు. ఆదివారమున వారి చేతులు పట్టుకొనినయెడల ఆ రాతి గరుకు మన చేతికి తగులును.

ఆరు సంవత్సరముల క్రిందట ఒక వేసవి దినమున, ఒక పల్లెలో పరామర్శకై స్కూటరుమీద పోవుచుంటిని. దారిలో బండలెత్తుచున్న లారీయొద్ద కేక వినబడెను. ఒక బండ జారి పడుచువాని కాలిమీద పడినది. దాని అంచు పిక్కను లోతుగా కోసినది. రక్తము ధారగా కారుచుండెను. నేను దిగి పరుగెత్తితిని. వేదపాఠశాలలో చదివినవాడను, పాతికేండ్లు సంఘము కాచినవాడను గదా. మోకరించి, వాని తలపై చేయియుంచి, గట్టిగా ప్రార్థించుట మొదలుపెట్టితిని.

ఇరువది ఏండ్లయినను నిండని లారీ క్లీనరు తన మెడలోని తువ్వాలు తీసి, మడిచి, గాయముపై అదిమిపెట్టి, నా వంక చూచి ఇట్లనెను: “అయ్యగారూ, ప్రార్థన మళ్ల చేద్దురు గానీ, ముందు ఈ తువ్వాలు గట్టిగా పట్టుకోండి. వదలద్దు సామీ.”

నేను పట్టుకొంటిని. అతడు గాయపడినవానిని పండుకొనబెట్టి, 108కు ఫోను చేసెను. బండి వచ్చువరకు ఆ గుడ్డ నా చేతి క్రిందనే యుండెను. దేవుని దయవలన ఆ పడుచువాడు బ్రతికెను. “ఇది ఎక్కడ నేర్చుకొంటివి నాయనా?” అని అడిగితిని. “బడిలో ఉన్నప్పుడు రెడ్ క్రాస్ వాళ్లు చెప్పినారు సామీ” అనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లూకా సువార్త పదవ అధ్యాయములోని సమరయుని గూర్చి నేనెన్నిసార్లు ప్రసంగించితినో లెక్కలేదు. చూచియు ప్రక్కగా పోయిన యాజకుని, లేవీయుని ప్రతిసారి మందలించితిని. నేను వారివలె ప్రక్కగా పోలేదు, నిజమే, ఆగితిని. అయితే ఆగినవాని చేతికి పని తెలియకపోయినచో గాయపడినవానికి ఏమి లాభము? సమరయునికి జాలి కలదు. దానితోపాటు నూనె కలదు, ద్రాక్షారసము కలదు, కట్టుకట్టు చేయియు కలదు. ఈ రెండవ భాగమును నేనెన్నడును ప్రసంగించలేదు.

అందుచేత ప్రథమ చికిత్స నేర్చుకొని, స్వచ్ఛంద సేవకుల గుంపులో చేరుదునని ఇంటిలో చెప్పితిని. నా భార్య వెంటనే ఒప్పుకొనలేదు. “ఏమండీ, ఆదివారం మూడు ఊర్లు తిరుగుతారు. వారమంతా పెండ్లిళ్లు, సమాధులు, సంఘం తగాదాలు. పిల్లతో కూర్చొని అన్నం తిని ఎన్నాళ్లయిందో గుర్తుందా?” అనెను. ఆమె మాటలో అబద్ధము లేదు. అయినను నేను చేరితిని.

మొదటి నెలలోనే నేను తప్పు చేసితిని. ఒక వృద్ధ సహోదరి ప్రభు భోజన సంస్కారము కోరి శుక్రవారమున కబురంపెను. శనివారము తరగతి యుండెను గనుక సోమవారము వచ్చెదనని చెప్పి పంపితిని. ఆదివారము తెల్లవారకమునుపే ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆమె కుమారుడు నన్నొక్క మాటయు అనలేదు. ఏదైన అనినయెడల ఇంత బరువుగా ఉండకపోవును.

తరగతులు మానివేయవలెనని నిశ్చయించుకొంటిని. అప్పుడు నా భార్యయే నన్నాపెను. “తప్పు తరగతిది కాదండీ. ఆ శుక్రవారం సాయంత్రమంతా మీరు చందా లెక్కలు రాస్తా కూర్చోలేదా? ఆ లెక్కలు పెద్దలు రాయలేరా? అన్నీ మీరొక్కరే మోయాలని ఎవరు చెప్పినారు?” అనెను.

చదువరీ, అరణ్యములో మోషేతో అతని మామ చెప్పినదియు ఇదియే గదా. నేను చేయవలసిన పనులన్నియు కాగితముపై వ్రాసి రెండు భాగములు చేసితిని: నేనే చేయవలసినవి, ఇతరులును చేయగలవి. సిగ్గుతో చెప్పుచున్నాను, రెండవ భాగమే పెద్దది. సంస్కారము నేనే ఇయ్యవలెను; లెక్కలు సంఘ పెద్దలు వ్రాయవచ్చును. ఇంటింటి ప్రార్థనలను స్త్రీల సమాజమువారు నాకన్న చక్కగా నడిపించుచున్నారు. ఆ సహోదరికి నేను బాకీపడిన ఘడియను తిరిగి తీర్చలేను. అయితే ఆనాటినుండి రోగులు పిలిచిన పిలుపును మరునాటికి దాటనీయలేదు.

ఇట్టి ఏర్పాటు నాకంటె ముందు ఒక న్యాయవాది చేసికొనెను. దక్షిణాఫ్రికాలోని డర్బనులో గాంధీగారికి వ్యాజ్యములు, సంసారము, ప్రజాకార్యములు తలకు మించియుండెను. అయినను ఒక చిన్న ధర్మాసుపత్రిలో ప్రతిదినము గంట రెండు గంటలు సేవ చేసిరి. ఆ సమయము చిక్కుటకై తన వ్యాజ్యములు కొన్ని స్నేహితునికి అప్పగించిరి. అక్కడికి వచ్చు రోగులలో అనేకులు మన తెలుగు, తమిళ కూలీలే. అక్కడి వైద్యుడు బూత్ గారు సెయింట్ ఎయిడాన్స్ మిషనుకు చెందినవారు. 1899లో బోయరు యుద్ధము వచ్చినప్పుడు క్షతగాత్రులను మోయుటకు దాదాపు 1,100 మంది భారతీయులు దళముగా ఏర్పడగా, వారికి తర్ఫీదు నిచ్చినది ఈ బూత్ గారే. ఆ దళములో ఎక్కువమంది ఒప్పంద కూలీలు. గాయపడినవారిని డోలీలమీద మోసికొని దినమునకు 20, 25 మైళ్లు నడిచిరి. తీరికగలవారు చేసిన పని కాదది.

పిమ్మట నా భార్యయు తరగతికి వచ్చెను. కట్టు కట్టుటలో ఆమె చేయి నా చేతికన్న నెమ్మది. మా కుమార్తె తన చేతిని మాకు అభ్యాసమునకు ఇచ్చి నవ్వుచుండును. మేము ముగ్గురము కూర్చొని భోజనము చేయు సాయంత్రములు ఆ విధముగా తిరిగి వచ్చినవి.

ఈ ఏండ్లలో నన్ను పిలిచినవి కొద్ది పర్యాయములే. ఒకనాడు సంతలో కుప్పకూలిన పెద్దాయన రొమ్ము నొక్కితిని, ఆయన దక్కలేదు. మరొకనాడు మిరపచేనులో ఒక బాలుని పాము కరచెను. కొందరు కోయుడనిరి, కొందరు త్రాడు బిగించుడనిరి, కొందరు మంత్రగానియొద్దకు పోదమనిరి. ఏదియు వలదని బ్రతిమాలితిని. కాలు కదలకుండ రెండు కర్రలతో కట్టి, బాలుని నడువనీయక, బనగానపల్లె ఆసుపత్రికి చేర్చితిమి. విషమునకు విరుగుడు మందు అక్కడ ఎక్కించిరి. నేడు వాడు గుడిలో పాట పాడుచున్నాడు.

మీ సంఘములోను పదిమంది ఈ కొద్దిపాటి సంగతులు నేర్చుకొనుడి. రక్తము కారుచున్నచోట శుభ్రమైన గుడ్డతో విడువక అదుముడి. కాలినచోట పేస్టు, సిరా పూయక, చల్లని నీటిధార క్రింద ఇరువది నిమిషములు ఉంచుడి. పిలిచినను పలుకక, ఊపిరియు ఆడనివానికి, 108కు కబురు చేసి, రొమ్ము నడుమ నిమిషమునకు 100 మొదలు 120 సార్లు, రెండంగుళముల లోతున నొక్కుడి. తర్ఫీదు పొందినవారియెదుట చేసి నేర్చుకొనుట మేలు. చదివినంతమాత్రమున చేతికి రాదు.

“పోలీసులు అడుగుతారు, మనకెందుకు” అని భయపడువారు కలరు. ఆ భయము అక్కరలేదు. దారి ప్రమాదములలో సహాయము చేయువారిని కాపాడు నియమములను 2016లో సుప్రీముకోర్టు ఖాయపరచెను. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణలోను ఆ రక్షణ చేరినది. ఇష్టములేనిచో మీ పేరు చెప్పనక్కరయు లేదు. మన దేశపు చట్టము అట్టివానిని మంచి సమరయుడనియే పిలుచుచున్నది! ప్రభువు చెప్పిన ఉపమానము న్యాయస్థానమునకు చేరినది. మన చేతులవరకు చేరకుండునా?

ప్రార్థన మానుడని నేను చెప్పుట లేదు. ఆ దినమున తువ్వాలు పట్టుకొన్న తరువాత నేను మరల ప్రార్థించితిని. కన్నులు మూయలేదు, స్వరమెత్తలేదు, చేయి వదలలేదు. నా పరిచర్య అంతటిలో అంత నిజముగా ప్రార్థించిన ఘడియలు కొద్దియే. మీకును అట్టి ఘడియ వచ్చును. అది మీ తీరికనుబట్టి రాదు. వచ్చునప్పటికి మీ చేతులను దేవుడు సిద్ధపరచి యుంచును గాక. ఆమేన్.