సాలార్‌జంగ్‌లో రిబ్కా

హైదరాబాదు వెళితే సినిమా ఒక్కటే వినోదం కాదు. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. 1951లో ప్రారంభమై, 1968లో ఇప్పటి భవనంలోకి వచ్చింది.

గంటకోసారి అక్కడి గడియారంలోనుండి గడ్డపు బొమ్మ వచ్చి గంట కొట్టిపోతుంది. మా యౌవనస్థులంతా అక్కడే కూర్చున్నారు. మేము కొందరం రిబ్కా దగ్గరకు వెళ్లాము.

ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ ఇది. మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్నారు. ముసుకూ రాయే, దాని వెనుక ముఖమూ రాయే. అయినా పలుచని తడిబట్టలోనుండి చూచినట్లే ఉంటుంది!

విగ్రహాలు చూడవచ్చునా అని బయలుదేరేముందు ఒక పెద్దాయన అడిగారు. చూడడం వేరు, మ్రొక్కడం వేరు అన్నాను.

మా సంఘంలోని పెద్దమ్మ మాత్రం చాలాసేపు ఆ చేతులే చూచింది. "అయ్యగారూ, ఇవి నీళ్లు చేదిన చేతులేనా?" అంది. నిజమే, పది ఒంటెలకు చేదిపోసిన పిల్ల ఆమె. శిల్పి ముసుకు దగ్గరే ఆగిపోయాడు. రోజూ నీళ్లు మోసే మనిషికి బావి గుర్తుకొచ్చింది.

శుక్రవారం సెలవు. వెళ్లేముందు ఆదికాండము 24 ఇంటిల్లిపాదీ చదువుకొని వెళ్లండి.