వెనక్కి తీసుకుంటున్న ఒక సాక్ష్యం



దసరా సెలవులకు ముందటి ఆదివారం ఆరాధనలో మేము చెప్పిన సాక్ష్యం మీకు గుర్తుండే ఉంటుంది. మన కోట్‌పల్లిలోనే ఉండే ఒక హిందూ కుటుంబంలోని పాప టౌనులో సిస్టర్ల హాస్టల్‌లో ఉండి ఆరో తరగతి చదువుతున్నదని, అక్కడి గుడిలో ప్రభువు రొట్టె తీసుకున్నదని, దేవుడు ఆ ఇంట్లో తలుపు తెరిచాడని చెప్పాము. మీరందరూ చప్పట్లు కొట్టి హల్లెలూయ అన్నారు. ఆ సంగతి మాకు చెప్పింది అదే హాస్టల్‌లో ఉంటున్న మన సంఘం పిల్ల. ఆ పాపను మేము అడగలేదు. తల్లిని అడగలేదు. విన్నాము, సంతోషపడ్డాము, మైకు పట్టుకొని చెప్పేశాము.

ఆ సాక్ష్యాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాము. ఎందుకో కూడా మీకు చెప్పాలి కదా.

సద్దుల బతుకమ్మకు నాలుగు రోజుల ముందు, చీకటి పడ్డాక, ఆ పాప తల్లి మా ఇంటికి వచ్చింది. పొద్దంతా పత్తి ఏరి వచ్చినట్టుంది, కొంగుకు ఇంకా దూది అంటుకొని ఉంది. పాస్టరమ్మ లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "అయ్యగారూ, మా పొల్లకు అక్కడ ఏం తినిపిచ్చిన్రు? మీరు మందిరంల చెప్పిన్రంట గద, మీకు ఎరుకే ఉంటది. జర చెప్పున్రి" అన్నది.

ఆమె కోపంతో అడిగి ఉంటే మాకు కొంచెం తేలికగా ఉండేది. ఆమె భయంతో అడిగింది.

పోయిన సంవత్సరం పాపకు జరం వచ్చి తగ్గకపోతే తల్లి పోచమ్మకు బోనం మొక్కుకున్నదట. సెలవులకు పాప ఇంటికి వచ్చింది కాబట్టి ఆ మంగళవారం మొక్కు తీర్చుకుందామని అన్నీ సిద్ధం చేసుకున్నారు. పాప మాత్రం బొట్టు పెట్టుకోనని, బోనం అన్నం ముట్టనని మూలకు కూర్చొని ఏడ్చింది. యేసయ్య శరీరం తిన్నవాళ్ళు వేరే ప్రసాదం తింటే పాపమని హాస్టల్‌లో తోటి పిల్లలు చెప్పారట. మొక్కు తీర్చకపోతే పోచమ్మ మళ్ళీ జరం తెస్తుందని ఇంట్లో అవ్వ చెప్పింది. పదకొండేళ్ల పిల్ల రెండు వైపులా భయపడి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ బోనం ఆగిపోయింది.

మరునాడు తల్లి పాపను తీసుకొని వచ్చింది. ఆ రోజు గుడిలో ఏం జరిగిందని మెల్లగా అడిగాము. పాప చెప్పింది అంతా ఇంతే: "మా బెంచిల అందరు లేసిన్రు. నేనొక్కదాన్నే కూసుంటే అందరు నన్నే చూస్తరని నేను సుత లేసిన. ముంగట పిల్ల చేతులు ఎట్ల పట్టిందో నేనట్లనే పట్టిన. ఫాదర్ పెట్టిండు. అది కాయితం లెక్కుండె." ఫాదర్ క్రీస్తు శరీరం అంటే ఆమెన్ అన్నావా అని అడిగితే, "అందరు అన్నరు, నేను అన్న" అన్నది.

మేము చెప్పిన సాక్ష్యంలో ఎంత ఉన్నదో చూశారా? ఒక పిల్ల బెంచీ మీద ఒంటరిగా కూర్చోవడానికి సిగ్గుపడింది. తెరిచిన తలుపు అని మేము మైకులో చెప్పింది దానినే.

మనలో చాలామందికి కథోలిక సభ పద్ధతి తెలియదు కాబట్టి ఒక మాట. మనం బల్ల, సంస్కారం అంటాము, వారు దివ్యసత్ప్రసాదం అంటారు. దివ్యబలిపూజలో ఆ అప్పం నిజంగానే ప్రభువు శరీరమవుతుందని వారి విశ్వాసం. అందుకే వారి పిల్లలకైనా ముందుగా నేర్పించి, సిద్ధపరచి, ఆ తర్వాతే మొదటిసారి ఇస్తారు. జ్ఞానస్నానం పొందనివారికి మిగతా సంస్కారాలు ఇవ్వకూడదని వారి సభ చట్టమే చెబుతుంది. విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకోవడం, మ్రానికొమ్మలు పట్టుకొని ఊరేగింపులో నడవడం వేరు. వాటికి ఎవరు వచ్చినా కాదనరు. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మరియమాత తిరునాళ్ళకు వెళితే తలనీలాలు ఇచ్చి కొబ్బరికాయలు కొట్టే హిందువులు ఎంతమందో. వారు తమ ఇష్టంతో, తమ మొక్కుతో, తమ కాళ్ళ మీద వెళ్ళినవారు. దివ్యసత్ప్రసాదం అలాంటిది కాదు. మన దగ్గరైనా అంతే కదా. 1 కొరింథీ 11వ అధ్యాయంలో పౌలు, తన్ను తాను పరీక్షించుకొన్న తర్వాతే ఆ రొట్టె తినాలని రాశాడు. ఆ పాపకు పరీక్షించుకొనే అవకాశం ఎవరిచ్చారు?

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా పెద్దబాబు చిన్న తరగతుల్లో ఉన్నప్పుడు వాళ్ళ బడిలో పరీక్షల ముందు సరస్వతీ పూజ చేశారు. పొడుగ్గా ఉన్నాడని మావాడి చేతికి హారతి పళ్ళెం ఇచ్చారు. సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చొని, "డాడీ, యేసయ్య కోపం చేస్తడా?" అని అడిగాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి పెద్దసారు దగ్గరికి వెళ్ళి, "సార్, మా వాణ్ణి అందరితో పాటు నిలబెట్టండి, హారతి మాత్రం పట్టించకండి" అని అడిగాము. ఆయన నిష్ఠగల మనిషి, అనంతగిరి అనంతపద్మనాభస్వామి భక్తుడు. మా ముఖం చూసి, "అరే, నాకు తోచలేదు అయ్యగారూ, తప్పయింది" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ అలా జరగలేదు. ఆ పెద్దసారును మేము ఎన్నోసార్లు ప్రార్థనలో తలచుకున్నాము. అయినా పక్కింటివాళ్ళ పిల్ల విషయం వచ్చేసరికి ఆయన చూపిన జ్ఞానం మాకు లేకపోయింది.

సెలవులయ్యాక తల్లితో కలిసి మేము ఆ బడికి వెళ్ళాము. బస్సులో ధారూరు దాటేదాకా ఆమె మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది, "సదువు మాన్పిస్తరా అయ్యగారూ?" అని. ఆమె భయమంతా అదే. ఇంగ్లీషు వస్తుందని, ఆడపిల్లకు భద్రంగా ఉంటుందని కూలి డబ్బులు కూడబెట్టి పంపిస్తున్నది. చేర్పించిన రోజు కాగితాల మీద వేలిముద్ర వేసిందట. వాటిలో ఏముందో ఎవరూ చదివి వినిపించలేదు.

మన రాజ్యాంగంలో 28వ అధికరణం మూడో భాగం ఈ సంగతే చెబుతుంది. ప్రభుత్వ గుర్తింపు గానీ ప్రభుత్వ నిధుల సహాయం గానీ ఉన్న బడిలో, ఏ విద్యార్థినీ తన సమ్మతి లేకుండా మత బోధకు గానీ ఆరాధనకు గానీ రమ్మని బలవంతపెట్టకూడదు. మైనరు అయితే సంరక్షకుల సమ్మతి కావాలి. మైనారిటీలు బడులు పెట్టుకొనే హక్కు 30వ అధికరణంలో ఉన్నది, దాన్ని మనం గట్టిగానే చెప్పుకుంటాము. 28 మాత్రం మన పిల్లలకు హారతి పళ్ళెం ఇచ్చినప్పుడే గుర్తుకొస్తుంది. ఇక వేలిముద్ర సంగతి. చదివి వినిపించని కాగితం మీద వేసిన ముద్రను సమ్మతి అంటామా? మా మనస్సాక్షి ఒప్పుకోదు.

బడిలో పెద్ద సిస్టరుగారు మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టారు. విని చాలా బాధపడ్డారు. ఎవరూ బలవంతం చేయలేదని, అయితే పిల్లలు బెంచీల వరుసలో లేచి వెళుతుంటే ఎవరు ఎవరో చూడలేదని ఒప్పుకున్నారు. 2024లో కథోలిక పీఠాధిపతుల సమాఖ్య తమ బడులన్నిటికీ మార్గదర్శకాలు పంపింది. ఇతర మతాల విద్యార్థుల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దకూడదని, ఉదయం అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలని, అన్ని మతాలవారూ ప్రార్థించుకొనే గది ఏర్పాటు చేసుకోవాలని అందులో చెప్పారు. సిస్టరుగారికి ఆ సంగతి తెలుసు. "అసెంబ్లీలో పాటిస్తున్నాం, గుడిలో మర్చిపోయాం" అన్నారు.

ఆమె ముఖంలో ఇంకో భయం కూడా కనిపించింది. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లాలోని ఒక కథోలిక బడికి పిల్లలు హనుమాన్ దీక్ష బట్టల్లో వచ్చిన విషయంలో గొడవ లేచి, గుంపు బడి మీద పడింది. మదర్ థెరిసా విగ్రహం మీద రాళ్ళు వేసి, ఫాదరు మీద చేయి చేసుకున్నారు. అలాంటి రోజుల్లో మేము ఒక చిన్నపిల్ల పేరు పెట్టకుండానైనా మైకులో చాటాము. ఊళ్ళో ఆ పిల్ల ఎవరో తెలియనిది ఎవరికి? తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

మన సంఘ పెద్దల్లో ఒకరు, "అయ్యగారూ, ఎట్లనో అట్ల విత్తనం పడ్డది గదా, ఎందుకు పీకుడు?" అని అడిగారు. ఆయన ప్రేమతోనే అడిగారు. ఆయనకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి సంగతి చెప్పాము. 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన తిరుపతిలో లూథరన్ మిషను బడిలో, తర్వాత వేలూరులో, ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. అన్నీ మన ప్రొటెస్టంటు సంస్థలే. అక్కడ ఏళ్ళ తరబడి వాక్యం విన్నారు, తన మతం మీద మిషనరీలు చేసిన విమర్శలూ విన్నారు. ఆ విమర్శలు గుచ్చుకొని తన మతమేమిటో తెలుసుకోవాలని పట్టుబట్టి చదివి, 1908లో వేదాంత నీతి మీద సిద్ధాంత వ్యాసం రాశారు. దాన్ని మెచ్చుకున్నది ఎవరనుకున్నారు? ఆయన గురువు, స్కాట్లాండు మిషనరీ హాగ్‌గారు. మాకు రాధాకృష్ణన్‌గారి కంటే ఆ హాగ్‌గారే ఎక్కువ గుర్తొస్తుంటారు. తన శిష్యుడు తన దారిలోకి రాలేదని చిన్నబుచ్చుకోకుండా, నిజాయితీగా ఆలోచించాడని మెచ్చుకోగలిగారు.

ఇక వాక్యానికి వస్తే, 2 రాజులు 5వ అధ్యాయం మీరు ఎన్నోసార్లు విన్నదే. నయమాను స్వస్థత పొంది, ఇకనుంచి యెహోవాకే బలి అర్పిస్తానని రెండు కంచరగాడిదల మోత మట్టి అడిగాడు. ఆ వెంటనే ఒక చిక్కు చెప్పుకున్నాడు. తన రాజు రిమ్మోను గుడికి వెళ్ళి తన చేతిమీద ఆనుకొని మొక్కినప్పుడు, తానూ వంగాల్సి వస్తుంది, దాన్ని దేవుడు క్షమించాలని అడిగాడు. ఎలీషా అతణ్ణి గద్దించలేదు, సమాధానంతో పంపించాడు. పక్కవాడు వంగితే తానూ వంగిన వీపును దేవుడు మొక్కుగా లెక్కపెట్టడని మేము ఎన్నిసార్లు ప్రసంగించామో. ఆ మాట మనవాళ్ళ వీపులకేనా?

అదే అధ్యాయం మొదట్లో ఒక చిన్నపిల్ల ఉంది, చూడండి. చెరపట్టబడి వచ్చి నయమాను భార్య దగ్గర పని చేసే ఇశ్రాయేలు పిల్ల. రిమ్మోనును కొలిచే ఇంట్లో ఆ పిల్ల ఏ పూజ దగ్గర నిలబడాల్సి వచ్చిందో వాక్యం చెప్పదు. ఆమె తల్లిదండ్రులు ఎంత కుమిలిపోయారో కూడా చెప్పదు. ఈసారి చదివినప్పుడు మా కన్ను అక్కడే ఆగిపోయింది.

పాపకు మేము చెప్పింది తక్కువే. "బిడ్డా, నువ్వు తెలియక తిన్నవు. దానికి యేసయ్య నీ మీద కోపం చేయడు. మీ అమ్మ మాట వినడం పాపం కాదు. పెద్దయినంక నీకే ఏమన్నా అడగాలనిపిస్తే అప్పుడు అడుగు" అన్నాము. ఆమె తల మీద చేయి పెట్టి ప్రార్థించబోయి ఆగి, తల్లిని అడిగాము. "చేయున్రి అయ్యగారూ, మంచిమాటే గద" అన్నది. చేశాము. తర్వాత సాక్ష్యం చెప్పినందుకు తల్లికి క్షమాపణ చెప్పాము. ఆమె కొంగుతో ముఖం తుడుచుకున్నది, ఏమీ అనలేదు.

ఇప్పుడు ఆ బడిలో బలిపూజ సమయంలో కథోలికులు కాని పిల్లలు కావాలంటే స్టడీ హాలులో కూర్చోవచ్చు. గుడిలోకి వచ్చినవారు తమ బెంచీ దగ్గరే ఉండవచ్చు. ముందుకు వస్తే చేతులు ఛాతీ మీద కట్టుకుంటే ఫాదరు ఆశీర్వాదం ఇచ్చి పంపిస్తారు. తల్లిదండ్రులను పిలిచి కాగితాలు తెలుగులో చదివి వినిపించారు. మా పాప స్టడీ హాలుకు వెళ్తున్నది. అయితే క్రిస్మస్ పాటల గుంపులో మాత్రం ఉంటానని అన్నదట. తల్లిని అడిగితే, "పాట పాడితే ఏమైతది, పాడని" అన్నది.

సెలవుల్లో జరిగిన సంగతి ఒకటి చెప్పడం మరిచాము. ఆగిపోయిన బోనం తర్వాతి వారం చేసుకున్నారు. ఆ సాయంత్రం పాప పసుపు రాసిన కాళ్ళతో, చేతిలో మూతపెట్టిన స్టీలు గిన్నెతో మా గుమ్మం ముందుకు వచ్చింది. పాస్టరమ్మ మా వైపు చూసింది. మేము ఏమనాలో తోచక నిలబడితే పాపే చెప్పింది: "అమ్మ చెప్పమన్నది, ఇది పోచమ్మకు పెట్టకముందే వేరే గిన్నెల తీసిందంట. అయ్యగారు తింటరో తినరో అని."

బెల్లమన్నం. ఇంకా వేడిగానే ఉన్నది. అక్కడే అరుగు మీద కూర్చొని పాపతో కలిసి తిన్నాము. గిన్నె కడిగి ఇచ్చేటప్పుడు పాస్టరమ్మ అందులో నాలుగు సీతాఫలాలు పెట్టింది.