కాలువ గట్టున సెలవు దినములు

ఎల్.టి.సి. మాట రాగానే మన కాలనీ ఇళ్ళలో ఊటీ, సిమ్లాల ప్రస్తావన మొదలవుతుంది. మోకాళ్ళ నొప్పులు గల పెద్దలను ఎవరి వద్ద ఉంచి వెళ్ళాలన్న చింతయు వెన్వెంటనే తలెత్తుతుంది. ఆ చింతకు తావులేని యాత్రగా గత సంక్రాంతికి మేము కోనసీమను ఎంచుకొన్నాము.

ముందుగా ధవళేశ్వరం. 1847-52 మధ్య సర్ ఆర్థర్ కాటన్ నిర్మింపజేసిన ఆనకట్ట స్థానంలో నేడు ఆయన పేరిట బ్యారేజి ఉన్నది. నదిమట్టాన్ని అక్కడ నిలబెట్టడం వలన, నీరు పంపులతో పని లేకుండా నేలవాలు వెంబడి కాలువల గుండా చేలకు పారుతుంది. ఈ సంగతి మేము విస్తరించి చెప్పబోగా శ్రోతలు టీ కొట్టు వైపు నడిచారు!

తదుపరి బస వశిష్ఠ ఒడ్డున, దిండిలో. కళాశాలలో చదివే అబ్బాయి సైకిలు సంపాదించి కాలువ గట్లన్నీ తిరిగాడు. శ్రీమతి అంతర్వేది నరసింహస్వామిని దర్శించి వచ్చింది. అమ్మగారు కొబ్బరిచెట్ల నీడన కుర్చీ వేయించుకొని, పొరుగింటి పెద్దావిడతో వంటల ముచ్చట్లలో పడ్డారు. కొండ మీద బస చేసిన రోజులలో గదిలో ఒంటరిగా మిగిలిపోయేదీ ఆమెయే.

కనుమనాడు జగ్గన్నతోట తీర్థం. ఏకాదశ రుద్రుల ప్రభలను భుజాలపై మోస్తూ, పచ్చని చేల మీదుగా, కౌశిక నీటిని దాటించి తెస్తారు. చేను తొక్కినందుకు రైతు నొచ్చుకోడు. అమ్మగారు గట్టుపైనే కూర్చుండి కన్నులారా చూశారు.

వెళ్ళదలచినవారు వేసవిని విడిచిపెట్టాలి. మరమ్మతులకై అప్పుడు కాలువలు కట్టివేస్తారు.