30 అక్షరాల గడి

మన గోడపత్రిక ఆయుష్షు ఒక్క నెల. కొత్త సంచిక రాగానే పాతది పిన్నులు ఊడి బీరువాలో చేరుతుంది. బీరువాలోంచి ఎక్కడికి పోతుందో మనందరికీ తెలిసిందే. అందుకే పాత వ్యాసాలన్నీ టైపు చేసి డిపార్ట్‌మెంట్ సైటులో పెడదామని మేడమ్ అనగానే నేను చెయ్యెత్తాను. సైటు డ్రూపల్ మీద నడుస్తుంది. కోడు రాసేది కంప్యూటర్ సైన్స్ చదివే ఒక అక్క. తమిళమ్మాయి, తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు.

డ్రూపల్‌కి వ్యాసమంటే కొన్ని గడులు: శీర్షిక, రాసినవారి పేరు, తరగతి, పాఠం. ఒక్కో గడికీ లక్షణాలు కోడులో చెప్పాలి. ఏ రకం, ఏ భాష, తప్పనిసరా కాదా, ఎంత పొడవు. శీర్షికలాంటి చిన్న పాఠానికి 'స్ట్రింగ్' అనే రకం. దాని 'మ్యాక్స్ లెంగ్త్' మనం ఏమీ చెప్పకపోతే 255. అక్క దాన్ని 30 చేసింది, ఫోనులో ఒక్క వరుసలో ఇమడాలని. ఇంగ్లీషు శీర్షికలు వేసి చూసుకుంది, బాగానే ఉందట.

నేను మొదట ఎక్కించబోయిన వ్యాసం 'స్వాతంత్ర్యోద్యమంలో ఆంధ్ర స్త్రీలు'. వేళ్ల మీద లెక్కపెడితే 10 అక్షరాలు, మధ్యలో రెండు ఖాళీలు. గడిలో మాత్రం 'స్వాతంత్ర్యోద్యమంలో ఆంధ్ర స్త్' దాకా వచ్చి ఆగిపోయింది. ఎంత నొక్కినా ముందుకు కదలదు. ఆగితే ఆగింది, సరిగ్గా ఆ మాట దగ్గరే ఆగాలా!

"చిన్న పేరు పెట్టేయ్ పాపా" అంది అక్క. ఆ వ్యాసం రాసిన సీనియర్ చదువు ముగించి వెళ్లిపోయింది. ఆమె పెట్టిన పేరు కత్తిరించడానికి నేనెవరిని?

కాగితం మీద రాసి చూపించాను. యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన చోటు 128 స్థానాలు. అందులో 'స్త్రీ' అనే అక్షరం ఎక్కడా ఉండదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: ఈ ఆరూ వరుసగా వస్తే తెరమీద ఒక్క స్త్రీ అవుతుంది. మనకు ఒకటి, యంత్రానికి ఆరు. అలా మన 10 అక్షరాల శీర్షిక దాని లెక్కలో 34. అక్క తన పేరు తమిళంలో రాసి లెక్కపెట్టుకుంది. అక్కడా గుణింతపు గుర్తులు విడిగానే లెక్కకొస్తాయి, కానీ మన వత్తుల పుణ్యమా అని మనకే ఎక్కువ ఖర్చు.

తొందర ఎందుకంటే, గడిలో సమాచారం చేరాక దాని పొడవు మార్చడానికి డ్రూపల్ ఒప్పుకోదు. అప్పుడు విడిగా అప్‌డేట్ కోడు రాయాలి. ఇంకా ఒక్క వ్యాసం కూడా ఎక్కలేదు కాబట్టి 255కి పట్టుబట్టాను. మరి ఫోను సంగతి? దానికి దారి అక్కే చెప్పింది: దాచే పొడవు వేరు, చూపే పొడవు వేరు. లోపల శీర్షిక మొత్తం ఉంటుంది, చిన్న తెరమీద చివర మూడు చుక్కలు పడతాయి, నొక్కితే పూర్తిగా కనిపిస్తుంది.

కూర్చున్నాం కదా అని ఇంకో రెండు మార్పించాను. భాష తెలుగు అని పెట్టించాను. లేకపోతే పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు గొంతుతో మొదలుపెట్టినా పెడుతుంది. ఇంటిపేరు గడిని తప్పనిసరి కాకుండా చేయించాను. ఈ ఊళ్లో మనలో చాలామందికి సర్టిఫికెట్‌లో ఉన్నది నాన్నగారి ఇనీషియలే, ఇంటిపేరు కావాలంటే అమ్మమ్మకి ఫోన్ చేయాలి!

ఇప్పుడు శీర్షిక మొత్తం ఎక్కింది గానీ, వరుసల మధ్య ఎడం చాలక స్త్రీ కింద వత్తులు సగానికి తెగి కనిపిస్తున్నాయి. లైన్ హైట్ పెంచి చూద్దామంది అక్క. శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉంటాం. వత్తులు ఎక్కువున్న శీర్షికలు ఎవరి దగ్గరున్నా పట్టుకురండి.